రాజు కోసం ఉంచిన గది

జెరూసలేంలో, మధ్య ఆసియానుంచి వచ్చిన బుఖారా యూదుల పేటలో సివ్యోని ఎరగనివాళ్ళు లేరు. అరవై నిండిన మనిషి. ఎదురుగా వచ్చేవాళ్ళే పక్కకు తప్పుకోవాలి గానీ ఆమె నడక వేగం తగ్గేది కాదు. వీధి చివర మాట్లాడితే వీధి మొదట వినపడే గొంతు. ఆమె మెడలో ఎర్రతాడుకు ఒక ఇత్తడి తాళంచెవి వేలాడుతూ ఉండేది.

అది మేడమీది గదిది. సమర్కండ్‌లో పట్టు వ్యాపారం చేసి వచ్చిన ఆమె తండ్రి అబో, ఈ పేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు లోగిలి చుట్టూ కింద ఎనిమిది గదులు వేయించి, పైన ఒక్కటే గది వేయించాడు. ఎవరికని మేస్త్రి అడిగితే, "రాజుకి" అన్నాడట. "దావీదు వంశంలో పుట్టిన రాజు, మెస్సీయ, రేపో మాపో వస్తాడు. ఇంకో ఊరికి రాడు, ఈ ఊరికే వస్తాడు. వచ్చినవాడు ఎక్కడ దిగుతాడు? ఎవరైనా ఆలోచించారా?" ఆ గదిలో మనుషులెవరూ పడుకోకూడదని కాగితం మీద రాసి పేట పెద్దల చేత సంతకాలు చేయించాడు. చనిపోయే ముందు తాళంచెవి కొడుకులకు ఇవ్వకుండా కూతురి మెడలో వేశాడు.

అప్పటినుంచి ముప్ఫై ఆరేళ్ళు సివ్యో ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. పొద్దున్నే మెట్లెక్కి, గది కడిగి, పరుపు దులిపి, ఉతికిన దుప్పటి వేసి, రాగి కూజాలో కొత్తనీళ్ళు పోసి దిగేది. ఆమె రెండో కాన్పు శుక్రవారం నాడే అయింది. ఆ రోజు కూడా మంచం మీంచి కేకలేసి పనిమనిషి చేత ఇదంతా చేయించింది. పాలవాడు వస్తాడని ఎంత నమ్మకమో, రాజు వస్తాడని ఆమెకు అంతే నమ్మకం. "పాలవాడైనా వానొస్తే ఎగ్గొడతాడు" అనేది.

భర్త పోయాడు, పిల్లలు పెళ్ళిళ్ళై హైఫాలో ఉన్నారు. ఆరోగ్యానికి లోటు లేదు, పరువుకు లోటు లేదు. ఒక్క బులోర్ సంగతే ముల్లులా గుచ్చుతూ ఉండేది.

బులోర్ ఆమె తమ్ముడు రఫోయెల్ భార్య. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా రఫోయెల్‌ని, అప్పట్లో ఊరిని ఏలే టర్కీవాళ్ళు వెట్టి పనికి పట్టుకుపోయారు. మళ్ళీ తిరిగి రాలేదు. ఆ శీతకాలం బులోర్ ఉంటున్న అద్దె గది పైకప్పు కూలింది. నాలుగు నెలల ఆడపిల్లను శాలువాలో చుట్టుకుని వదినగారింటికి వచ్చింది. అప్పటికి కింది గదుల్లో ఆరింట్లో టర్కీ సిపాయిలు దిగి ఉన్నారు. మిగిలిన రెండు గదుల్లో సివ్యో కుటుంబం పదకొండుమంది కిక్కిరిసి ఉన్నారు. ఖాళీగా ఉన్నది మేడమీది గదే. మూడో మెట్టు మీదున్న సివ్యోని కింద నిలబడి బులోర్ అడిగింది: "నాలుగు రోజులు, వదినా. వాన తగ్గేదాకా."

సివ్యోకి ఇరవయ్యేడేళ్ళప్పుడు. ఇవ్వను అనడానికి నోరు రాలేదు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. "తాళంచెవి ఎక్కడో పోయిందే బులోర్. మూడు రోజులనించీ వెతుకుతున్నాం" అంది.

బులోర్ పిల్లని సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ చలికాలమంతా ఒక నూనె గానుగ కింద, గోడలు చెమర్చే నేలమాళిగలో గడిపింది. పిల్లకు జ్వరం వచ్చి, చెవిలో చీముపట్టి, ఎడమ చెవి పూర్తిగా పోయింది. అప్పటినుంచీ బులోర్ వదినతో మాట్లాడలేదు. రెండు వీధుల అవతల ఉంటూ, ఒకే ప్రార్థనామందిరంలో ఆడవాళ్ళ గదిలో నాలుగు బల్లల దూరంలో కూర్చుంటూ, ముప్ఫై మూడేళ్ళు మాట్లాడలేదు.

ఏటా కిప్పూర్ ఉపవాసం ముందురోజు ఒకరినొకరు క్షమాపణ అడుక్కోవడం వాళ్ళ ఆచారం. మనిషికి చేసిన తప్పు ఆ మనిషి క్షమిస్తే తప్ప దేవుడు కూడా క్షమించడని పెద్దల మాట. సివ్యో ఏటా పళ్ళెం నిండా బాదం మిఠాయి పెట్టి, గుడ్డ కప్పి ముడేసి, పక్కింటావిడ చేత పంపేది. "నా వల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే క్షమించమని చెప్పు" అనేది. ఏటా పళ్ళెం తిరిగొచ్చేది. గుడ్డ ముడి కూడా విప్పి ఉండేది కాదు.

ఆ ఏడాది సివ్యోకి విసుగొచ్చింది. ఉపవాసానికి మూడు వారాలుందనగా, తెల్లవారి ప్రార్థనలయ్యాక తిన్నగా హఖాం యెషువో దుకాణానికి వెళ్ళింది. పేటకు ధర్మం చెప్పే పెద్ద ఆయనే అయినా పుస్తకాలకు అట్టలు కట్టి బతికేవాడు. చేతులనిండా జిగురుతో, తల ఎత్తకుండానే, "కూచోమ్మా" అన్నాడు.

"కూచోడానికి రాలేదండీ. ఒక్క మాట కోసం వచ్చాను. మూడుసార్లు అడిగితే చాలని ధర్మం చెబుతోంది కదా? నేను ముప్ఫైసార్లు అడిగాను. ఇక పాపం ఆ బులోర్‌దే గానీ నాది కాదని మీరొక్క మాట అనండి. వెళ్ళిపోతాను."

"ఏమని అడిగావు?"

"అందరూ అడిగేదే. నావల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే క్షమించమని."

"జరిగి ఉంటే?"

"అలాగే కదండీ అంటారు!"

హఖాం అప్పుడు తల ఎత్తాడు. "జరిగిందా, జరగలేదా?"

సివ్యో మాట్లాడలేదు. ఆ పేటలో ఆమె మాట్లాడకుండా ఉండటం చూసినవాళ్ళు తక్కువ.

"పుండెక్కడుందో చూపించకుండా మందు రాయమంటే ఏ వైద్యుడైనా రాస్తాడామ్మా? పేరుపెట్టి చెప్పాలి. ఫలానా రోజున, ఫలానా పని చేశాను అని. చెప్పడం మొదటి మెట్టు. సిగ్గుపడటం రెండోది. మూడోది మన చేతుల్లో ఉండదు."

"ఏంటది?"

"మళ్ళీ అదే చోట నిలబడాలి. అదే అవకాశం, అదే బలం ఉండి, ఈసారి ఆ పని చెయ్యకుండా ఉండాలి. తిరిగి రావడం అంటే ఎక్కడినించి తప్పిపోయామో అక్కడికే రావడం. అప్పుడే అది పూర్తవుతుంది."

"ఎలా నిలబడతానండీ? టర్కీవాళ్ళు పోయారు, ఇంగ్లీషువాళ్ళు పోయారు, దేశం వచ్చి రెండేళ్ళవుతోంది. ఆ కాలం మళ్ళీ వస్తుందా?"

"దేవుడి దగ్గర మెట్లకు కరువా?" అని హఖాం మళ్ళీ జిగురు కుంచె అందుకున్నాడు.

సివ్యోకి ఒళ్ళు మండింది. రాజుకోసం ముప్ఫై ఆరేళ్ళు గది కడిగిన మనిషికి చెప్పాల్సిన మాటలా ఇవి? ఆ ఏడాది బులోర్‌కి మిఠాయి పంపలేదు. ఉపవాసం రోజున మందిరంలో గుండె మీద పిడికిలితో తట్టుకుంటూ తప్పులు ఒప్పుకునే ప్రార్థన చదువుతుంటే మాత్రం, "అబద్ధమాడాం" అనే చోట ఆమె గొంతు ఒక్కక్షణం ఆగింది. నాలుగు బల్లల అవతల బులోర్ వీపు కనపడుతోంది. సివ్యో పేజీ తిప్పేసింది.

ఆ ఫిబ్రవరిలో జెరూసలేంలో మంచు పడింది. ఎప్పుడో ఏడాదికోసారి పలచగా రాలి, మధ్యాహ్నానికి కరిగిపోయే మంచు కాదు. సివ్యో పొద్దున్నే తలుపు తీస్తే మోకాళ్ళ దాకా గోడలా నిలబడి ఉంది. లోగిల్లోని దానిమ్మ చెట్టు కొమ్మ విరిగి నేలమీద పడి ఉంది. పిల్లలు కాసేపు కేరింతలు కొట్టారు. తొమ్మిది గంటలకల్లా కబురొచ్చింది. ఊరి దక్షిణాన, కొత్తగా దేశానికి వచ్చినవాళ్ళని ఉంచిన శిబిరంలో గుడారాలన్నీ మంచు బరువుకు కూలిపోయాయి. జనం తడిసి ముద్దై నడిచి వస్తున్నారు.

పదకొండింటికి ప్రార్థనామందిరం నిండింది. పన్నెండింటికి బడి నిండింది. సివ్యో ఎవరూ అడగకముందే అద్దెకిచ్చినవి పోగా తనకున్న రెండు కింది గదులూ తెరిచింది. కుర్దిస్తాన్ నుంచి వచ్చిన రెండు కుటుంబాలు, పద్నాలుగుమంది, ఆమె తివాచీల మీద కాలుపెట్టే సందు లేకుండా సర్దుకున్నారు. ఇంట్లో ఉన్న బియ్యం, ఉల్లిపాయలు మొత్తం పెద్ద డేగిసాలో పడేసి కిరసనాయిలు పొయ్యి మీదికి ఎక్కించింది. రేషను రోజులు. మాంసం మాట ఎవరూ ఎత్తలేదు.

రెండు గంటలప్పుడు హఖాం గారి భార్య ఇంకో కుటుంబాన్ని లోగిల్లోకి తీసుకొచ్చి వదిలి, సివ్యోతో ఒక్క మాటైనా చెప్పకుండా మిగతావాళ్ళ కోసం పరిగెత్తింది. రుమేనియావాళ్ళు. ఓవర్‌కోటు వేసుకున్న బక్కపల్చటి మనిషి, పేరు షులెం. అతని భార్య రాషెలా. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. రజాయిలో చుట్టిన ముసలావిడ ఒకరు, రాషెలా తల్లి, నీలం తిరిగిన పెదాలతో.

సివ్యో మెట్లమీద నిలబడి ఉంది. పక్కన ఆమె పెదనాన్న కొడుకు ఇల్యోవు ఉన్నాడు. అబో రాసిన కాగితానికి పూచీ ఉన్న పెద్దల్లో ఇప్పుడు బతికున్నది అతనొక్కడే. పొద్దున్నుంచీ తన ఇంట్లో తొమ్మిదిమందిని పెట్టుకుని, వాళ్ళకి రొట్టెలు మోసి, అలసిపోయి వచ్చాడు. చెడ్డవాడు కాదు.

"పైన గది ఉందని చెప్పారు" అంది రాషెలా, కొత్తగా నేర్చుకున్న హీబ్రూలో, మాటమాటా ఏరుకుంటూ. "మా అమ్మకి ఒక్కదానికైనా..."

ఇల్యోవు సివ్యో చెవి దగ్గరికి వంగి తమ బుఖారా భాషలో అన్నాడు: "సివ్యో, బాబాయి మాట తప్పకు. తాళంచెవి కనపడట్లేదని చెప్పేయ్. వాళ్ళే ఇంకోచోటు చూసుకుంటారు. మంచి పనికోసం ఆడిన అబద్ధం అబద్ధం కాదులే."

సివ్యో కిందికి చూసింది. తను మూడో మెట్టు మీద ఉంది. కింద తడి శాలువాతో ఒక ఆడమనిషి మొహం పైకెత్తి నిలబడి ఉంది. తాళంచెవి ఆమె రవికలోపల గుండెల మీద చల్లగా తగులుతోంది.

నిజం చెప్పాలంటే, ఆ మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ క్రితం ఎంత తేలిగ్గా వచ్చిందో అంత తేలిగ్గానే వచ్చింది. పైగా ఇప్పుడు తోడుగా ఇంకొకరు కూడా చెబుతున్నారు. నాన్న సంతకం, పెద్దల సంతకాలు, ఇన్ని శుక్రవారాలు అన్నీ ఆ మాటనే బలపరుస్తున్నాయి. అప్పుడు హఖాం జిగురు చేతులు గుర్తుకొచ్చాయి. 'ఓరి దేవుడా, ఇదేనా ఆ మెట్టు' అనుకుంది.

తాడు తలమీంచి తీసింది. జడలో చిక్కుకుంటే ఒక్క లాగు లాగింది.

"ఇదిగో తాళంచెవి" అంది, వీధంతా వినపడేలా. "ఎక్కడికీ పోలేదు. ఎప్పుడూ పోలేదు. పైకి రండి. ముసలావిణ్ణి ముందు ఎక్కించండి."

ఇల్యోవు నిర్ఘాంతపోయాడు. "మతి పోయిందా నీకు? ఆయన ఈ వారమే వస్తే?"

"వస్తే మంచం వెచ్చగా ఉంటుంది."

"వేళాకోళమా!"

"కాదన్నయ్యా." ఆమె అప్పటికే పైమెట్టుకి చేరింది. "ఈ చలిలో ముసలిదాన్ని వీధిలో నిలబెట్టి, ఖాళీ మంచం చూపించి కూర్చోమంటే ఆయన కూర్చుంటాడా? కూర్చునేవాడైతే ఆయన మనం ఎదురుచూసే రాజు కాడు. నువ్వు నిలబడి చూడటం ఆపి ఆ బొగ్గు కుంపటి అందుకో."

ఇల్యోవు గొణుగుతూనే కుంపటి మోశాడు.

గదిలో గోడలకు సమర్కండ్ కుట్టుపని తెరలు, ఎర్ర దానిమ్మలూ నల్ల తీగెలూ. మల్లెపువ్వులాంటి దుప్పటి. ఆడపిల్లలిద్దరూ తడి మేజోళ్ళతో ఆ మంచం ఎక్కేసి ఎగరడం మొదలుపెట్టారు. సివ్యో ఆ దుప్పటికేసి ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. ముసలావిణ్ణి మంచం మీద పడుకోబెట్టి, పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దింది.

షులెం తెరలకేసి, మంచంకేసి, కూజాకేసి చూసి, "ఎవరిదండీ ఈ గది?" అన్నాడు.

"రాజుది."

"ఏ రాజు?"

"రాబోయేవాడు. మెస్సీయ."

అతను నవ్వబోయి, ఆపుకుని, తలదించుకున్నాడు. "క్షమించండి. నాకలాంటి నమ్మకాలు లేవు. మొన్నటి యుద్ధంలో పోయాయి. లేనిది ఉన్నట్టు చెప్పి మీ గదిలో ఉండటం బాగుండదు."

"నీకు లేకపోతేనేం? నాకుంది. ఇద్దరికీ సరిపడా ఉంది. ముందా బూట్లు విప్పు, తివాచీ పాడవుతుంది."

మర్నాడు పొద్దున సివ్యో బులోర్ ఇంటికి బయల్దేరింది. పళ్ళెం తీసుకోలేదు. రెండు వీధులు దాటడానికి అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు జారిపడింది.

బులోర్ టోపీల మీద జరీపని చేసేది. సూది చేత్తో పట్టుకునే తలుపు తీసి, ఎదురుగా ఉన్నదెవరో చూసి, తలుపు వెయ్యడం మరిచిపోయింది.

"లోపలికి రానక్కర్లేదు. ఇక్కడే చెబుతాను" అంది సివ్యో. దారిపొడుగునా కూర్చుకున్న మాటలు ఎగిరిపోయి, ఉన్నవే బయటికొచ్చాయి. "రఫోయెల్‌ని తీసుకెళ్ళిన ఏడాది, హనుక్కా దీపాల పండగ వెళ్ళిన వారంలో, నువ్వు పిల్లనెత్తుకుని మా మెట్లదగ్గరికి వచ్చావు. గది అడిగావు. తాళంచెవి పోయిందన్నాను. పోలేదు. నా మెళ్ళోనే ఉంది. అబద్ధం చెప్పాను. నువ్వా నేలమాళిగలో ఉన్నన్నాళ్ళూ నాకు తెలుసు. ఆ వీధిన వెళ్ళడం మానేశాను గానీ నీ దగ్గరికి రాలేదు. నాకు కారణాలున్నాయి, కానీ అవి చెప్పడానికి రాలేదు. తప్పు చేశాను బులోర్. ఉంటే గింటే కాదు. చేశాను."

బులోర్ చేతిలోని సూదిని రవిక అంచుకు గుచ్చుకుంది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నీ మెళ్ళోనే ఉందని. ఎర్రతాడు మెడదగ్గర కనపడుతూనే ఉంది. నా ఎదురుగా నిలబడి, నా కళ్ళముందే ఉన్నదాన్ని పోయిందన్నావు." గొంతు పెరిగింది. "గది ఇవ్వలేదని కాదు వదినా! ఇవ్వను పో అనుంటే రెండేళ్ళు తిట్టుకుని మరిచిపోయేదాన్ని. నన్ను గుడ్డిదాన్ని చేశావు. ఆపైన ఏటా మిఠాయి పంపుతావు. జరిగి ఉంటేనట! నా కూతురి చెవి పోయి ఉంటేనట! ఆ పళ్ళెం నీ మొహాన కొట్టకుండా ఎన్నేళ్ళు ఆపుకున్నానో నీకేం తెలుసు?"

"కొట్టాల్సింది."

"ఇప్పుడు చెబుతున్నావా?" బులోర్ కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళు. ఇవాళ నావల్ల కాదు."

"రేపొస్తాను."

"రేపూ కాదు."

"ఎల్లుండి కూడా వస్తాను. మంచుకి నేను భయపడనని తెలుసుగా" అని సివ్యో వెనక్కి తిరిగింది. పేటలో తలెత్తుకు తిరగడం ఆమెకు కొత్త కాదు. కానీ ఆ పొద్దున, తిట్లు తిని తిరిగొస్తూ, ఒళ్ళు ఇంత తేలిగ్గా ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు.

రెండోరోజు వెళ్తే తలుపు తీయలేదు. లోపల సూది పెట్టె మూత పడ్డ చప్పుడైతే వినపడింది. సివ్యో తలుపుకే చెప్పింది, నిన్నటి మాటలే, ఒక్కటీ తగ్గించకుండా. పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. వినేవాళ్ళు విన్నారు.

మూడోరోజు తలుపుకి తాళం ఉంది. సివ్యో కాసేపు నిలబడి, ఉసూరుమంటూ ఇంటికొచ్చేసరికి లోగిల్లో మెట్లమీద బులోర్ కూర్చుని ఉంది. ఒళ్ళో పెద్ద సత్తు గిన్నె. కొత్తిమీర వేసి వండిన పచ్చటి అన్నం ఆవిర్లు కక్కుతోంది.

"ఇవాళ కూడా నువ్వే వచ్చి, వదిన వచ్చాక మరదలు కరిగిపోయిందని పేటంతా చెప్పుకోడం నాకిష్టం లేదు" అంది బులోర్. "అందుకే నేనే వచ్చా. ఏదీ, చూపించు ఆ గది."

ఇద్దరూ పైకెళ్ళారు. షులెం కిటికీ దగ్గర నేలమీద కూర్చుని రేకు ముక్కని సుత్తితో గుండ్రంగా వంచుతున్నాడు. అతను రేకుపనివాడు. పొగ లోపలికి కొడుతోందని కుంపటికి గొట్టం చేస్తున్నాడు. ముసలావిడ మంచం మీద నిద్రపోతోంది, చెరో పక్కా మనవరాళ్ళు ముడుచుకుని. ఆమె పెదాలకు రంగొచ్చింది. కుట్టుపని తెర మీద తడి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి.

బులోర్ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి అడుగుపెట్టలేదు. గోడలు చూసింది, మంచం చూసింది.

"పెద్ద గదేం కాదు" అంది నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ ఎంతో పెద్దదనుకున్నాను."

సివ్యో ఏమీ అనలేదు. అనకూడదని ఆమెకు తెలిసింది. అదే ఆమెకు కష్టం.

బులోర్ గిన్నె కిందపెట్టి, ఆచారం ప్రకారం మూడుసార్లు అంది: "క్షమించాను. క్షమించాను. క్షమించాను." ఆ తర్వాత వేలెత్తింది. "ఇది నా వంతు. చెవి సంగతి నాది కాదు. అది హెవ్సీది. దానితరఫున క్షమించే హక్కు నాకు లేదు."

బులోర్ కూతురు హెవ్సీకి ఇప్పుడు ముప్ఫై మూడేళ్ళు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పేది. మేనత్త ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు. శుక్రవారం మధ్యాహ్నం, బడిలో చేరినవాళ్ళకి దుప్పట్లు పంచి, ఒక బల్ల మీద కూర్చుని బూట్లలోని మంచు దులుపుకుంటోంది. సివ్యో వెళ్ళి పక్కన కూర్చుంది. బులోర్ దగ్గర ఒక్క గుక్కలో చెప్పగలిగింది, ఇక్కడ చెప్పలేకపోయింది. ఆగి ఆగి, తలవంచుకుని, చెప్పింది. మెట్టు, తాడు, నేలమాళిగ. "నీ చెవి నావల్లే పోయిందమ్మా. దాన్ని తిరిగివ్వలేను. అడగడం ఒక్కటే నాకు మిగిలింది. క్షమిస్తావా?"

హెవ్సీ బూటు దులుపుకుంటూనే ఉంది. జవాబు లేదు. సివ్యో లేవబోతూ ఆమె మోచేయి తాకింది.

హెవ్సీ ఇటు తిరిగి, "ఏమిటత్తా? ఏమన్నా అన్నావా?" అంది.

"ఇంతసేపూ చెబుతున్నది అదేగా..."

"ఎడమవైపు కూర్చుని చెబితే నాకెలా వినపడుతుంది? ఆ చెవే కదా లేనిది!"

సివ్యో నోరు తెరుచుకుని ఉండిపోయింది. హెవ్సీ ఆమె మొహం చూసింది, తల్లి ఈ మూడు రోజులుగా చెప్పిన మాటలు గుర్తుచేసుకుంది. విషయం అర్థమై, ఫక్కున నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళనీళ్ళు వచ్చాయి.

"మొత్తం చెప్పేశావా?"

"మొత్తం."

"అయితే లేచి ఇటువైపు వచ్చి కూచో" అంది హెవ్సీ, కుడిపక్క బల్ల మీద మంచు తుడుస్తూ. "మళ్ళీ మొదట్నించీ చెప్పు. ఒక్క మాట కూడా తగ్గించొద్దు. నా వంతు నేను వినాలి."

సివ్యో లేచి, అటువైపు కూర్చుని, మళ్ళీ మొదట్నించీ చెప్పింది. రెండోసారి మొదటిసారికంటే కష్టంగా ఉంది. హెవ్సీ కుడి చెవి ఆమెకేసి వంచి పూర్తిగా వింది. అయ్యాక బూటు కాలికి తొడుక్కుంది. "బళ్ళో పిల్లలు ఎడమవైపు కూచుని అల్లరిచేస్తారు, నాకు వినపడదని తెలిసి. రోజూ గుర్తొస్తావు అత్తా" అంది. లేసు ముడేసి, "క్షమించాను" అంది. మిగతా రెండుసార్లూ కూడా అంది, తొందరపడకుండా.

మంచు వారానికి కరిగింది. కింది గదుల్లోవాళ్ళు వెళ్ళిపోయారు గానీ షులెం కుటుంబం వసంతంలో వచ్చే పాస్కా పండగ దాకా మేడమీదే ఉంది. ఆ మధ్యలో ఇల్యోవు కాగితం పట్టుకుని హఖాం దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేశాడు. హఖాం కాగితం రెండుసార్లు చదివి, "మీ బాబాయి రాజు ఇంటికి రావాలని కోరుకున్నాడా, గది ఖాళీగా ఉండాలని కోరుకున్నాడా?" అని అడిగాడు. ఇల్యోవు రెండురోజులు ఆలోచించి, మూడోరోజు ఒక కొత్త పరుపు పంపించాడు. షులెంకి నమ్మకం కుదరలేదు. వెళ్ళేరోజు కూడా, "మీ రాజు వస్తే నా నమస్కారాలు చెప్పండి. నమ్మినట్టు మాత్రం చెప్పకండి" అన్నాడు. "ఉన్నదున్నట్టు చెబుతాను" అంది సివ్యో.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు వదినా మరదళ్ళిద్దరూ శాలువాలు నడుముకు బిగించి గది కడిగారు.

"నిజంగా వస్తాడంటావా వదినా?" అంది బులోర్, నేల రుద్దుతూ.

"వస్తాడు."

"ఎప్పుడు?"

"అది నా పని కాదు. నా పని నేను చేస్తే ఆయన పని ఆయన చేస్తాడు. ఇదివరకు నా పనంటే నేల కడగడం అనుకున్నా, అంతే తేడా. ఆ మూల మళ్ళీ రుద్దు, మసి పోలేదు."

"నువ్వు రుద్దు. నాకు నడుం పట్టేసింది."

సివ్యో గట్టిగా ఏదో అనబోయి, ఆపుకుని, గుడ్డ అందుకుంది. అప్పుడే కింద తలుపు చప్పుడైంది. బులోర్ దిగి వెళ్ళింది. కాసేపటికి కింది నుంచి అరిచింది: "యెమెన్‌వాళ్ళు వదినా! భార్యాభర్తలు! ఆవిడకి నెలలు నిండాయి! ఉండమన్నా!"

తనని అడగకుండానే! సివ్యోకి చివుక్కుమంది. తన ఇల్లు, తన తండ్రి గది, ఇంకా తడైనా ఆరలేదు. నాలుగు మాటలు గొంతుదాకా వచ్చాయి. మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. నిండు గర్భిణి ఒకావిడ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటోంది. బులోర్ అప్పుడే ఆమె చేతిలో మూట లాక్కుంది.

"నీళ్ళు వేడిపెట్టు" అని అరిచింది సివ్యో. "నేను దుప్పటి పరిచి వస్తున్నా."